పురిటిగదిలో ఎర్రలాంతరు

మార్కాపురంలో మా అత్తవారిది పలకల వ్యాపారం. ఇంటి ముందు సగం దుకాణం, వెనక సగం కాపురం. ముందు రోజంతా పలకలు ఎంచే చప్పుడు, వెనక రోజంతా మా అత్తగారి మడి. వంటింటిని ఆనుకుని కిటికీ లేని చిన్న గది ఒకటి ఉండేది. దాన్ని పురిటిగది అనేవాళ్లు. తలుపు వేస్తే మన చెయ్యి మనకే కనపడదు. బాలింతకూ బిడ్డకూ గాలి తగలకూడదని పెద్దలెవరో అట్లా కట్టించారట. మా ఆయనా, ఆయన తండ్రీ ఆ చీకట్లోనే కళ్లు తెరిచారు. ఆ తర్వాత ఎంతవరకు తెరిచి ఉంచారన్నది వేరే సంగతి.

నేను కాపురానికొచ్చిన కొత్తలోనే మా ఆయనకు ఫోటోల పిచ్చి పట్టింది. గిద్దలూరులో అడవిశాఖ రేంజరు ఒకాయన బదిలీ మీద పోతూ తన కెమేరాను ఈయనకు అంటగట్టాడు. దాంతో పాటు మూడుకాళ్ల కొయ్య, బొమ్మ పట్టే గాజు ప్లేట్లు పెట్టెడు, ఇంగ్లీషులో ఒక లావుపాటి పుస్తకం వచ్చాయి. రేంజరుగారి భార్య ఆ రోజు ఎంత సంతోషించి ఉంటుందో నాకు తర్వాత తెలిసొచ్చింది.

ఫోటో తియ్యడానికి ఎండ కావాలి. అది మా తాలూకాలో కావలసినంత ఉంది. తీసిన ప్లేటును కడగడానికి మాత్రం కటిక చీకటి కావాలట. ఈయన ఇల్లంతా తిరిగి, చివరికి పురిటిగదిలోకి పోయి తలుపేసుకుని, లోపలి నుంచే ఇదే ఇదే అని కేకపెట్టాడు. సాయంత్రానికల్లా లోపలున్న ఖాళీ గోతాలూ పాత ఉయ్యాలా వసారాలోకి వచ్చాయి. ఒక బల్లా, కొన్ని పింగాణీ పళ్లేలూ లోపలికి పోయాయి. లాంతరుకు ఎర్రగుడ్డ చుట్టాడు. ఎర్రవెలుగు ప్లేటును పాడు చెయ్యదట. మందులు మద్రాసు నుంచి రైల్లో వచ్చి, మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి, పలకలు దించి తిరిగొచ్చే మా ఎద్దులబండిలోనే ఊళ్లోకి వచ్చాయి. పొడులు, ఉప్పులు, ముక్కు పగిలే ద్రావకాలు.

నాకప్పుడు మూడో నెల. తొలికాన్పు పుట్టింట్లో జరగడం ఆచారమే. కానీ మా అమ్మ పోయి చాలా కాలమైంది. కనిగిరిలో మా నాయన ఒక్కడే చెయ్యి కాల్చుకు తింటున్నాడు. కాబట్టి నా బిడ్డ పుట్టవలసింది ఈ ఇంట్లో, ఆ గదిలోనే. ఆ మాట మా ఆయనతో చెప్తే, దానికింకా ఎన్ని నెలలుంది అన్నాడు. ఈలోగా ఆయన ఊరందరి బొమ్మలూ తీసేసి, పనైపోయిందనిపించుకుని గది నాకు అప్పగిస్తాడట.

ఆ లావుపాటి పుస్తకంలో జాగ్రత్తల మీద ఒక అధ్యాయం ఉండేది. ఆయన దాన్ని పురాణం చెప్పినట్టు తెలుగు చేసి నాకు వినిపించేవాడు. మందులున్న గదిలో ఏమీ తినకూడదు, తాగకూడదు. వంటగిన్నె అక్కడికి పోకూడదు, అక్కడి గిన్నె వంటింట్లోకి రాకూడదు. ద్రావకం చేతికి తగిలితే వెంటనే కడుక్కోవాలి. గాలి ఆడనివ్వాలి. నీళ్లలో యాసిడ్ కొంచెం కొంచెంగా పోయాలి తప్ప యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. ప్రతి సీసా మీదా పేరు రాసి, పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలి. వింటుంటే ఇదంతా ఎక్కడో విన్నట్టే ఉండేది నాకు. కాసేపటికి తట్టింది. ఇది మా అత్తగారి మడి. ఇక్కడి గిన్నె అక్కడికి పోరాదు, అక్కడి చెయ్యి ఇక్కడ తగలరాదు, తగిలితే స్నానం చెయ్యాలి. కన్నతల్లి చెప్తే చాదస్తం, దొరల సీమలో అచ్చేస్తే శాస్త్రం. ఆయన ఒకదాన్ని వెక్కిరించేవాడు, ఇంకోదానికి దండం పెట్టేవాడు, రెండింటిలో దేన్నీ పాటించేవాడు కాదు.

వక్కాకు బుగ్గన పెట్టుకునే లోపలికి పోయేవాడు. ద్రావకం కలపడానికి వంటింట్లోంచి గరిటె ఎత్తుకుపోయి, పనయ్యాక తెచ్చి మళ్లీ చారుగిన్నెలో పెట్టబోయేవాడు. మా అత్తగారు గడప దగ్గరే ఆపి, బయటికి పోయిన గరిటె ఇక లోపలికి రాదని దాన్ని దొడ్లోకి విసిరేసేది. అట్లా ఆ వేసవిలో మా ఇంటి గరిటెలన్నీ దొడ్లో చేరాయి. మామగారు కొత్తవి తెస్తూ సణిగేవాడు గానీ, ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కాకుండా అన్నాళ్లు గడిచిందంటే ఆమె విసిరిన గరిటెల పుణ్యమే.

ఒకరోజు యాసిడ్‌లో నీళ్లు పోశాడు. చెయ్యకూడదని రెండుసార్లు చదివి వినిపించింది అదే. అది బుస్సుమని లేచి మణికట్టు మీద చిందింది. దుకాణానికొచ్చిన వాళ్లతో పలక కోసుకుందని చెప్పుకున్నాడు. ఇంకోపక్క ఆయన వేళ్లు ద్రావకాల్లో నాని నాని నల్లబడ్డాయి. మా అత్తగారు అది దిష్టి అని తేల్చి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు ఇంట్లో అందరం దగ్గాం. వేళ్లు నల్లగానే ఉన్నాయి.

ఇంత చేసినా బొమ్మలు సరిగా వచ్చేవి కావు. మా తాసిల్దారుగారిని కుర్చీలో కూర్చోబెట్టి తీస్తే, కుర్చీ బ్రహ్మాండంగా వచ్చింది, తలపాగా వచ్చింది, మీసం కూడా వచ్చింది. వాటి మధ్య ఉండవలసిన మొహం మాత్రం పలచటి పొగలా తేలింది. చూసినవాళ్లకు తాసిల్దారు చాలా బాగా కుదిరాడనే అనిపించింది గానీ, ఆ మాట ఆయన ముందు అనలేరు గదా. మా ఆయన పుస్తకం తిరగేసి, పలచబడ్డ ప్లేటుకు బలం పట్టించే మందొకటి ఉందని కనిపెట్టి మద్రాసుకు రాసి తెప్పించాడు. పాదరసంతో చేసిన తెల్లటి పొడి. చూడ్డానికి దంచిన పటికబెల్లం లాగే ఉంది. వచ్చిన డబ్బా మూత సరిగా లేదని దాన్ని ఒక చిన్న ఊరగాయ జాడీలో పోశాడు.

పేరు మాత్రం రాశాడు. మా ఇంట్లో పగిలిన పలకముక్కలకు కొదవా? ఒక ముక్కకు బెజ్జం వేసి, దాని మీద బలపంతో ఇంగ్లీషులో రాసి, దారంతో జాడీ మెడకు కట్టాడు. ఏంది రాసినారని అడిగాను. పాయిజన్ అన్నాడు. అంటే ఏందన్నాను. విషం అన్నాడు.

"ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది మీకొక్కరికే. ఎవరికని రాసినారు ఇది?" అన్నాను.

"తెలుగులో రాస్తే అందరికీ తెల్సిపోతాది," అన్నాడు.

పలకల దుకాణంలో విషం పెట్టుకున్నారని ఊళ్లో పుకారు లేస్తుందని ఆయన భయం. ఎవరికి తెలియాలో వాళ్లకు తెలియకుండా జాగ్రత్త పడటం నేనక్కడే చూశాను. మర్నాడు ఆయన దుకాణంలో ఉండగా నేనే లోపలికి పోయి, పలకముక్కను తిప్పి, వెనకవైపు తెలుగులో విషం అని ఇంత లావు అక్షరాలతో రాశాను. మా నాయన నాకు చదువు చెప్పించినందుకు ఆ రోజు మొదటిసారి గర్వపడ్డాను.

ఆ గర్వం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. మా అత్తగారికి అక్షరం రాదు గానీ కొత్తగా ఏం కనపడినా అడగకుండా వదలదు. అదేంది రాసినావని అడిగింది. చెప్పాను. ఆమె రెండు చెవులూ మూసుకుంది. ఆమె సంగతి చెప్పాలి. మా ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. పొద్దుగూకితే పాము పురుగైపోతుంది. దుకాణంలో మామగారు సరుకు లేదని ఎవరికీ చెప్పిన పాపాన పోలేదు. అట్లాంటి ఇంట్లో, కడుపుతో ఉన్న కోడలు, పురిటిగదిలో, తన చేత్తో ఆ మాట రాసింది. చెడ్డమాట నోట్లోంచి వస్తే తథాస్తు దేవతలు వింటారని ఆమె నమ్మకం. జాడీలో ఏముందన్నది ఆమెకు పెద్ద విషయంగా తోచలేదు. దాని పేరు పలకడమే ప్రమాదమనుకుంది.

నేను వాదించాను. ఎవరైనా పొరపాటున తీస్తే ఏం గతి అన్నాను. అట్లాంటి మాటలు కూడా అనొద్దంది. తడిచేత్తో పలకముక్క రెండువైపులా తుడిచేసింది. అంతటితో ఆగినా బాగుండేది. ఆ మాట తాలూకు దోషం పోవాలని జాడీకి పసుపు రాసి, చుట్టూ కుంకుమ బొట్లు పెట్టింది. పెట్టి, బావి దగ్గరికి పోయి స్నానం చేసింది. మా ఇంట్లో అన్నిటికన్నా చెడ్డ వస్తువు ఆ పూట నుంచి లక్ష్మీదేవి కలశంలా తయారైంది. మా ఆయన చూసి నవ్వాడు. దాన్ని ఇంట్లోంచే తీసెయ్యండని నేను కాళ్లావేళ్లా పడ్డాను. ముందు తాసిల్దారు మొహం తేలనీ, తీసేస్తా అన్నాడు. నెలలు గడిచాయి. ఆ మొహం తేలలేదు. నా పొట్ట మాత్రం పెరిగింది. ప్రతిరోజూ ఆ తలుపు ముందు నుంచి పోతూ, లోపల ఉన్నదీ నా లోపల ఉన్నదీ ఒకే గదిలో ఎట్లా ఇముడుతాయా అని హడలిపోయేదాన్ని.

నెలలు నిండీ నిండకముందే నొప్పులొచ్చాయి. ఆ పొద్దున్నే మా ఆయన మూడుకాళ్ల కొయ్య భుజాన వేసుకుని కంభం చెరువు బొమ్మ తియ్యడానికి రైలెక్కి పోయాడు. పెద్ద చెరువు, కదలదు, మనుషుల్లాగా ఇబ్బంది పెట్టదని ఆయన ఆశ. పురిటిగది ఆయన వదిలిపోయినట్టే ఉంది. బల్లను గోడకు నెట్టి, నాకు నులకమంచం వేశారు. మంచం కింద పళ్లేలు, తలగడ పక్కన ద్రావకాల వాసన. మా అత్తగారు ఆ సీసాలూ జాడీలూ ఉన్న గూటికి పాత చీర ఒకటి అడ్డం కట్టించింది. తను ముట్టుకుంటే మళ్లీ స్నానం చెయ్యాలి, పొయ్యి మీద వంట ఉంది. కంటికి కనపడకపోతే లేనట్టే కదా.

పురిటిగదిలోకి వచ్చినవాళ్లకు మైల అంటుతుంది కాబట్టి ఆమె గడప అవతలే నిలబడింది. లోపల నేనూ, మంత్రసానీ. ఆమె పడమటి వీధి నుంచి వచ్చిన ముసలమ్మ, మా ఇంటికి కొత్త. లోపలికి రాగానే లాంతరు చూసి జడుసుకుంది. ఇదేం దీపం తల్లీ, ఈ ఎర్రవెలుగులో బిడ్డ ఏ రంగో ఎట్ల తెలుస్తాది అని, ఆ గుడ్డను సర్రున చించి అవతల పారేసింది. ఆ గదిలో ఎవరైనా బుద్ధిగా చేసిన మొదటి పని అదే.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను, అంత సంతోషం నాకు అంతకు ముందెప్పుడూ తెలియదు. బిడ్డ నాలుక మీద తీపినీళ్లు వెయ్యాలి, పటికబెల్లం ఎక్కడుందని ముసలమ్మ అడిగింది. గూట్లో బొట్లు పెట్టిన జాడీలో ఉందని మా అత్తగారు గడప అవతల నుంచి చెప్పింది. నిజమే, చెప్పింది తలవైపు గూటి సంగతి. అందులో ఆమె పొద్దున్నే పటికబెల్లం దంచి, జాడీకి పసుపూ కుంకుమా పెట్టి ఉంచింది. ముసలమ్మ మాత్రం పాతచీర కట్టిన గూటి వైపు తిరిగింది. మంచివస్తువులే మూసిపెడతారు అనుకుని ఉంటుంది. చీర తప్పించి చెయ్యి పెడితే బొట్లు పెట్టిన జాడీ చేతికొచ్చింది. చిటికెడు తీసి ఉగ్గుగిన్నెలో వేసి నీళ్లు పోసింది. దూది వత్తి ముంచింది.

నేను తల తిప్పేసరికి జాడీ మెడకు వేలాడుతున్న పలకముక్క కనపడింది. తుడిచేసిన నల్లటి ముక్క. కళ్లెత్తి గడప వైపు చూశాను. మా అత్తగారు కూడా ఆ ముక్కనే చూస్తోంది. నోరు తెరుచుకునే ఉంది, మాట మాత్రం రావడం లేదు. మంచివేళ, పసిబిడ్డ, పురిటిగది. ఏమని చెప్పాలో వెతుక్కుంటోంది. వత్తి నా బిడ్డ పెదవి దాకా వచ్చింది.

"అవ్వా, అది విషం. పెట్టొద్దు," అని గొంతు చించుకుని అరిచాను.

ముసలమ్మ చేతిలో వత్తి కింద పడింది. నా నోటి నుంచి నా బిడ్డ విన్న మొదటి మాట ఏ దేవుడి పేరూ కాదు, అదే. ముసలమ్మ ఉగ్గుగిన్నెలో ఉన్నది నేల మీద ఒలకకుండా అట్లాగే పక్కన పెట్టి, చేతులు బూడిదతో తోముకుని, మళ్లీ తోముకుని వచ్చింది. బిడ్డ పెదవులు తడిగుడ్డతో తుడిచింది. విషానికి బొట్టు పెట్టే ఇల్లు నేనెక్కడా చూళ్లేదు తల్లీ అంది.

సాయంత్రం బండికి మా ఆయన వచ్చాడు. కంభం చెరువు ప్లేట్లు గుండెకు హత్తుకుని, సంగతంతా వసారాలో విన్నాడు. ముందు పొడి ఎంత పోయిందని అడిగాడు. తర్వాత, తాను మొదట్లోనే దాని మీద స్పష్టంగా రాసిపెట్టిన విషయం అందరికీ గుర్తుచేశాడు. ఆ తర్వాత ఆడపిల్లా మగపిల్లాడా అని అడిగాడు. తలుపు వెనక పడుకుని అవన్నీ ఆ వరసలోనే విన్నాను. లేచే ఓపికుంటే ఆ మూడుకాళ్ల కొయ్యతో ఏం చేసి ఉండేదాన్నో నాకే తెలియదు.

లేవక్కర్లేకుండానే మార్గం దొరికింది. పురుడు వెళ్లేదాకా ఆ గదిలోకి మగవాళ్లు రాకూడదు. గదిలో ఉన్నవన్నీ మైల. గిన్నెలైతే తోమి తెచ్చుకోవచ్చు. పొడులూ ద్రావకాలూ తోమడం ఎట్లా? అదే మాట లోపలి నుంచి మామగారికి చెప్పించాను. ఆయన దుకాణంలో తలూపాడు. ముసలమ్మ మర్నాడే జాడీతో సహా ఆ పొడినీ, ఉగ్గుగిన్నెలో మిగిలినదాన్నీ ఊరి బయట బావులూ చేలూ లేని రాళ్లదిబ్బలో లోతుగా గొయ్యి తవ్వించి పూడ్పించింది. మా ఆయన తలుపు అవతల నిలబడి, ఆ చెరువు ప్లేట్లు కడక్కపోతే పాడైపోతాయని బతిమాలాడు. శాస్త్రం చదివిన మనిషి, అయినా తల్లి మైలను దాటి అడుగు లోపల పెట్టే ధైర్యం లేకపోయింది. నాకు లోపల ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను.

ఆ హాయి ఎంతోసేపు ఉండనివ్వలేదు చుట్టాలు. చూడ్డానికొచ్చిన ప్రతి ఆడమనిషీ నన్నే తప్పుపట్టింది. విషం పెట్టినవాణ్ని ఒక్కరు ఒక్క మాట అనలేదు. దానికి బొట్టు పెట్టినామెనూ అనలేదు. పసిబిడ్డ చెవిన అంత చెడ్డమాట వేసిన తల్లిని మాత్రం అందరూ బుగ్గలు నొక్కుకుంటూ చూశారు. వద్దు వద్దు అని కేకేస్తే చాలదా, ఆ పేరెందుకు ఎత్తడం అంది ఒకామె. తీపినీళ్లు వద్దంటున్నాననుకుని ముసలమ్మ నవ్వి నోట్లో వేసేది అని చెప్పినా ఆమెకు ఎక్కలేదు. చివరికి పురోహితుణ్ని పిలిచారు. మాట దోషానికి శాంతి చెయ్యాలన్నాడు ఆయన. ఇన్ని రోజులూ మా అత్తగారు నోరు మెదపలేదు. నా మీద కోపంతోనే అనుకున్నాను.

పురోహితుడు వసారాలో ఉండగానే ఆమె గొంతు వినిపించింది. నా కోడలు తప్పుమాటేం అనలేదు, శాంతి అక్కర్లేదు, మీరు పోయి రండి అంది. తర్వాత తలుపు తీసుకుని, పురుడు ఇంకా వెళ్లకముందే, ఆ మడి మనిషి గడప దాటి లోపలికి వచ్చింది. మంచం మీద నా పక్కన కూర్చుని, పిల్లను ఎత్తుకుని ఒళ్లో పెట్టుకుంది. ఏందత్తా ఇది, మైల గదా అన్నాను. పోనీలే అంది. పిల్ల తల నిమురుతూ చెప్పింది.

"నా మొదటి బిడ్డ గూడ ఈ గదిలోనే పుట్టినాడు. నీ మొగుడి కంటే ముందు. మా అత్త బిడ్డకు ఆముదం పెడదామని పక్కసీసా తీసింది. అది ఎద్దుల పుండ్లకు పూసే మందు. నేను చూస్తి. పెద్దామె ముందర, పురిటింట్లో, ఆ మాట ఎట్ల అనేది అని ఊరుకుంటి. వాసన చూసి ఆమే పారబోస్తాదిలే అనుకుంటి."

ఆ గదిలో ఆమె ఒక బిడ్డను పోగొట్టుకుందని ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. మా ఆయనకైనా తెలుసో లేదో. నేనామె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా వైపు చూడలేదు, పిల్లనే చూస్తూ ఉంది.

"మొన్న గూడ నాకు నోరు రాలేదమ్మా," అంది. "నువ్వు అంటివి."